కాక కాళ్ళకు తెలిసిన వణుకు

మా చిన్నప్పుడు... అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో... అంగడి రోజు తెల్లవారగానే మా పాత పికప్ బండిలోకి గొర్రెలను ఎక్కించేవాళ్ళం. నేనప్పుడు ఆరో తరగతి. మా ఊరు కొల్లాపూర్ దగ్గర. బండి నడిపేది నాయిన. వెనుక గొర్రెల మధ్యలో నిలబడేది నాయిన తమ్ముడు, మా మల్లేశ్ కాక.

పోతున్న బండిలో ఒక గొర్రె కింద పడితే మిగతావి దాన్ని తొక్కేస్తాయి... అంగట్లో దించేసరికి ప్రాణం ఉండదు. అందుకే ఒక మనిషి వెనుక నిలబడి, పడ్డదాన్ని పడ్డట్టు లేపుతూ ఉండాలి. రెండు చేతులకూ పనే... ఇక దేన్ని పట్టుకుంటాడు? కాక చెప్పులు విప్పేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒట్టి పాదాలతో నిలదొక్కుకునేవాడు.

ఆ ఏడు వానాకాలంలో బండికి వణుకు పట్టుకుంది. ఊళ్ళో మెల్లగా పోతున్నంతసేపు ఏమీ ఉండదు. రోడ్డెక్కి వేగం అందుకోగానే స్టీరింగు, సీటు, అద్దాలు... అన్నీ గడగడలాడేవి.

"ఇంజనే," అన్నాడు నాయిన.

మెకానిక్ కూడా ఇంజనే అన్నాడు. నిలబెట్టిన బండిని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి చూశాడు. ఇంజన్ కింది రబ్బర్లు మార్చాడు. ఇంటికొచ్చే దారిలోనే వణుకు మళ్ళీ మొదలైంది...

కాకది మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట.

"ఇంజన్ల గాదన్న... నా కాళ్ళ కిందికెళ్ళి వస్తాంది. కింద ఏదో కొట్టుకుంటాంది. జర మెకానిక్‌ను బండి కిందికి దూరి చూడమను."

నాయిన పెద్దగా నవ్వాడు. "ఏందిరా మల్లిగా, నీ కాళ్ళకు మెకానిక్ సర్టిఫికెట్ ఎవడిచ్చిండు? గొర్లకు గాలికుంటు వస్తె నిన్నడుగుత గని, బండి ముచ్చట నాకిడిసిపెట్టు."

"సరే తియ్యి, డ్రైవర్ సాబువు నువ్వు," అని కాక చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ నవ్వాను.

మా ఇండ్లలో దేనికైనా గొంగడే మందు. వానకు గొంగడి, చలికి గొంగడి, గొర్రెపిల్ల నలతపడితే దానికీ గొంగడే. అవ్వ పాత గొంగడిని నాయిన చించి, మడతలు పెట్టి సీటు మీద పరిచాడు. వీపు వెనుక ఇంకో ముక్క. స్టీరింగు చుట్టూ ఉన్ని తాడు. దాంతో వణుకు ఆయన ఒంటికి తగలడం మానేసింది.

"చూసినవా, తగ్గింది," అన్నాడు.

"నాకు తగ్గలే అన్న."

"అయితె నువ్వు గూడ కాళ్ళ కింద ఓ గొంగడేసుకో!"

దసరా ముందటి అంగడి అది. బడికి సెలవులని నేనూ నాయిన పక్కన కూర్చున్నాను. ఒడిలో సద్ది గిన్నె. కొత్తకోట వైపు పోయే దారిలో ఒక పెద్ద దిగుడు ఉంటుంది. దిగుడు రాగానే డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేసి బండిని దానంతట దాన్ని పోనివ్వడం నాయినకు అలవాటు. ఆ రోజూ ఆపాడు. ఒక్కసారిగా చప్పుడు పోయి... గాలి, గొర్రెల అరుపులు మిగిలాయి. కానీ నా ఒడిలో గిన్నె మూత టకటకా కొట్టుకుంటూనే ఉంది.

ఇంజన్ ఆగింది. వణుకు ఆగలేదు. అంటే అది ఇంజన్‌ది కాదు... కాక చెప్పిందే నిజం. నా చిన్న బుర్రకే అందింది.

"నాయినా... ఇంజన్ బందున్నది గదా. మరి గిదెందుకు వణుకుతాంది?"

నాయిన గిన్నె వైపు చూశాడు. ఆయనకూ అర్థమైందని ఆ ముఖం చూస్తే తెలిసింది.

"ఎండెక్కితె బేరగాళ్ళు పోతరు బిడ్డా... అంగడైనంక చూపిద్దాం," అని మళ్ళీ స్టార్ట్ చేశాడు.

బండి ఆపు, కాకను దించు అనే మాట నా నోటిదాకా వచ్చింది. మరి గొర్రెలు పడితే ఎవరు లేపుతారు? అనలేదు...

దిగుడు దాటి చదును రోడ్డు మీద వేగం అందుకున్నామో లేదో, కింద ఇనుము తెగిన చప్పుడు. ఇంజన్ నుంచి వెనుక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టు ముందు కొస ఊడి రోడ్డులో గుచ్చుకుంది. బండి వెనుక భాగం పైకి లేచి, పక్కకు పడింది.

నాయినకూ నాకూ గీతలు పడ్డాయి, అంతే. కాక మాత్రం రోడ్డు అవతల పడి ఉన్నాడు... బతికిన గొర్రెలు ఆయన చుట్టూ తిరుగుతున్నాయి. మహబూబ్‌నగర్ దవాఖానలో మూడు రోజులు ఉంచారు. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం, బొంద పెట్టడానికి.

తర్వాత మెకానిక్ వచ్చి, అరిగిపోయిన షాఫ్టు జాయింటును అరచేతిలో పెట్టి చూపించాడు. "ఎన్ని దినాల సంది కొట్టుకుంటాందో అన్నా... ఎవ్వరు గుర్తువట్టలేదా?"

"గుర్తువట్టిండు," అన్నాడు నాయిన. "వాడు చెప్తనే ఉన్నడు."

ఆ తర్వాత నాయిన మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

నేనిప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కొత్త మాట కనిపిస్తే నోట్‌బుక్‌లో రాసుకోవడం అలవాటైంది. వణుకు, అదురు, కంపనం, ప్రకంపన... ఆ ఒక్క దానికే ఎన్ని మాటలో! ఆ రోజు కావలసింది మాత్రం 'బండి ఆపు' అన్న రెండు మాటలే...

ఇప్పుడు గొర్రెల బండ్లలో ఇనుప జాలీలతో చిన్న చిన్న గదులు కట్టిస్తున్నారు. వెనుక మనిషి నిలబడే పనే లేదు. అలాంటి బండి ఎదురైతే నాయిన రోడ్డు పక్కన ఆగిపోయి, అది కనుమరుగయ్యేదాకా చూస్తాడు...

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టని మనిషి... వాళ్ళు ఏమనేవారో ఇక్కడ రాయండి. ఇంకా మీ దగ్గరే ఉంటే, రాసేముందు ఒకసారి వెళ్ళి అడగండి.