నాయిన బట్టలుతికిన రోజు

మా నాయిన పోయిండని కబురొచ్చినప్పుడు నేను పదో తరగతి పిల్లలతోని పాత పరీక్ష పేపర్లు రాయిస్తున్న. మా తమ్ముడు దేవరకొండల ఎస్టీడీ బూతు కాడ నిలవడి స్కూలుకు ఫోన్ జేసిండు. అటెండరు గుమ్మంలకొచ్చి "మేడం, జర బయటికి రాండ్రి" అన్నడు. ఆయన మొకం చూడంగనే నాకు సమజైంది. చేతుల ఉన్న చాక్‌పీసు బల్ల మీద వెట్టి, సప్పుడు చెయ్యకుంట చదువుకోండ్రని పిల్లలకు చెప్పి వచ్చిన. పాలమూరు బస్టాండుల బస్సెక్కి కూసున్నంక యాదికొచ్చింది. సప్పుడు చెయ్యకుంట చదువుకొమ్మన్న మాట నాయిన ఇని ఉంటే నవ్వుతుండె. అట్ల గూడ చదువుతరా అని అడుగుతుండె.

ఎందుకంటే మా ఇంట్ల చదువంటేనే సప్పుడు. అమ్మకు, నాయినకు అక్షరం ముక్క రాదు. పిల్ల పుస్తకం ముందట వెట్టుకొని పెదవి కదపకుంట కూసుంటే, అది చదువుతున్నదో, కండ్లు తెరిచి నిద్రవోతున్నదో వాళ్లకెట్ల తెలుస్తది? "ఇనపడేటట్టు చదువు బిడ్డా" అనేది ఆయన కాయిదా. కోడి కూసే యాళ్లకు నన్ను లేపి, కందిలి ముట్టిచ్చి, చాయ్ గిలాస చేతికిచ్చి, తను గడప మీద నాకు ఈపు జేసి కూసుంటుండె. తాడు పేనుకుంట ఇంటుండె. నేను నదులు, ఉపనదులు అని రాగం తీస్తున్నంత సేపు ఆయన చేతులు ఆడుతుండె. నా నోరాగితే ఆయన చెయ్యి ఆగుతుండె. ఎనుకకు తిరిగి చూడడు, ఏమనడు, ఒక్కసారి దగ్గుతడు. గంతే. నేను మళ్ల అందుకుంటుంటి.

లెక్కలతోనే వచ్చింది తిప్పలు. లెక్క చెయ్యాలంటే నోరు మూసుకోవాలె. నేను నోరు మూసుకుంటే నాయిన దగ్గు మొదలు.

"లెక్కలు చేస్తున్న నాయినా."

"చెయ్యి బిడ్డా. జర ఇనపడేటట్టు చెయ్యరాదు?"

ఏం చెప్పాలె ఈయనకు, మీరే చెప్పుండ్రి. నేను గూడ చిన్నపిల్లనే. లెక్క పక్కకు వెట్టి సూత్రాలు రాగం తీసుడు మొదలువెట్టిన. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అని నేను గొంతెత్తితే, నాయిన తాడు గిరగిర తిరుగుతుండె. పక్కింటోళ్లు గూడ "మీ బిడ్డ లెక్కలు మస్తు చదువుతదే" అంటుండ్రి. నాయిన మురిసిపోతుండె. సూత్రాలు మొత్తం నోటికొచ్చినయి. ఒక్క లెక్క చెయ్యరాలె.

ఆయన చేసిన ఏర్పాట్లు ఇంకా ఉన్నయి. నా చదువుకు అడ్డమొస్తున్నదని ఎద్దుల మెడగంటలల్ల గుడ్డపేలికలు కుక్కిండు. ఊర్లె అందరి ఎడ్లు గల్లుగల్లుమంటుంటే మా ఎడ్లు దొంగలోలె పోతుండె. ఇంటికి చుట్టాలొస్తే వాకిట్లనే నిలవెట్టి "మా బిడ్డకు పరీక్షలు" అని గుసగుసగ చెప్తుండె. అమ్మ రోట్లె పచ్చడి నూరబోతే ఆమె మీదికి లేస్తుండె. ఏం మనిషో. ఇదంతా ప్రేమని ఇప్పుడు తెలుస్తది గని, అప్పుడు నాకు గుండె మీద బండ వెట్టినట్టుండె. ఇల్లంత ఊపిరి బిగవట్టి నా మొకం దిక్కే చూస్తుంటే ఏ పిల్లకైనా ఎట్ల ఉంటది?

ఆయన గట్ల కావడానికి ఒక కారణం ఉన్నది. నేను పదికి వచ్చే ముందు ఏడు, పక్క ఊర్లె ఒక పిలగాడు పది తప్పి బాయిల వడి సచ్చిపోయిండు. మా నాయినకు ఈత బాగ వస్తది. అందుకని వాళ్లు మనిషిని పంపి పిలిపిచ్చిండ్రు. బయటికి తీసింది మా నాయిననే. ఇంటికొచ్చి తానం జేసి, అరుగు మీద కూసున్నడు. అమ్మ బువ్వ వెడితే తినలె. నన్ను దగ్గరికి పిలిచి అడిగిండు.

"ఎన్ని మార్కులు తక్కువైతే ఇట్ల చేసుకుంటరు బిడ్డా?"

నేను తొమ్మిదిల ఉన్న. నాకేం తెలుస్తది. తెల్వదన్న. ఆయన మళ్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలె. గని నేను పదికి వచ్చినంక ఆయన చూపు మారింది. నేను బాయి దిక్కు నీళ్లకు పోతే ఎనుకనే వస్తుండె. ఏదో మరిచిపోయినట్టు అటిటు చూసుకుంట వస్తుండె.

పరీక్షలు దగ్గరవడ్డంక నాకు బువ్వ వోలేదు. దువ్వుకుంటే ఎంటికలు కుచ్చులు కుచ్చులు ఊడొస్తుండె. నాయిన నన్ను సైకిలెనుక కూసోవెట్టుకొని దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు తాకతు మందని ఎర్ర సీసా ఇచ్చిండు. తాగిన, తగ్గలె. దర్గకు తీస్కపోయి తాయెత్తు కట్టిచ్చిండు. కట్టుకున్న, తగ్గలె. జ్ఞాపకశక్తికి బాదంపప్పు మంచిదని ఎవరో చెప్తే పావుశేరు కొనుక్కొచ్చి పొద్దున పొద్దున నానవెట్టి పొట్టు తీసి ఇస్తుండె. నాకు అది చూస్తేనే వాంతికొస్తుండె. ఒకనాడు గిన్నె నూకేసి ఏడ్చిన.

"ఏమైతుంది బిడ్డా?"

"భయమైతుంది."

"దేనికి?"

"పరీక్షకు."

ఆయన నా లెక్కల పుస్తకం చేతులకు తీసుకున్నడు. అటు తిప్పి, ఇటు తిప్పి, పురుగు వట్టిన కంకిని చూసినట్టు చూసిండు. పొలానికి తెగులొస్తే మందు కొడతడు, ఎద్దుకు రోగమొస్తే పసరు పోస్తడు. దీనికేం జెయ్యాలె? పుస్తకం మెల్లగ కింద వెట్టి, "ఇండ్ల ఏముంటదో నాకు తెల్వకపాయె. తెలిస్తే నీ బదులు నేను పోయి రాసొద్దును" అన్నడు. గడప దిక్కు నడుచుకుంట, "నాకేం చేత గాదు బిడ్డా. గని ఈడనే కూసుంట" అన్నడు. గడప మీద కూసున్నడు. తాడు పేనలె.

పరీక్షలన్ని రోజులు దేవరకొండల స్కూలు గేటు బయట ఎండల నిలవడ్డడు. లెక్కల పరీక్ష నాడు పేపరు చూడంగనే నా తలకాయల సూత్రాలన్ని పాడుతున్నయి. ఏది ఎక్కడ వెట్టాల్నో తెలుస్తలేదు. బయటికొస్తే తక్కిన తల్లిదండ్రులందరు పిల్లల మీద వడి "ఎట్ల రాసినవ్, ఎన్నొస్తయి" అని పీక్కతింటున్నరు. మా నాయిన నన్ను చూసి "ఆకలైతుందా?" అన్నడు. ఆయనకు తెలిసిందని నాకు తెలిసింది. ఇద్దరం బస్సెక్కినం.

ఇగ రిజల్టు రోజు చెప్పాలె. ఎండకాలం. మా మేనమామ పేపరు తెస్తనని పొద్దున్నే సైకిల్ మీద దేవరకొండకు పోయిండు. నాయిన లేచి, ఇంట్ల ఉన్న బట్టలన్ని మూటగట్టుడు మొదలువెట్టిండు. నా లంగ ఓణీలు, అమ్మ చీరెలు, తమ్ముని నిక్కర్లు, దుప్పట్లు, ఆఖరికి మేమందరం కప్పుకునే బొంత గూడ. మా అమ్మ పాత చీరెలన్ని కలిపి కుట్టిన బొంత అది. మూట నెత్తిన వెట్టుకొని ఇంటెనుక చెల్కల ఉన్న మా బాయి కాడికి వోయిండు.

ఆయన పుట్టి బుద్ధెరిగినంక ఒక్క బట్ట ఉతికిన మనిషి గాదు. చాకలోళ్లు తప్ప ఊర్లె మొగోళ్లెవరు ఉతకరు. దారి పొంట పోయేటోళ్లు నిలవడి చూసుడు మొదలైంది. పక్కింటాయన "ఏం బావా, అక్క పుట్టింటికి వోయిందా ఏంది?" అన్నడు. నాయిన తల ఎత్తకుంట "ఎండ మంచిగున్నదిలే" అన్నడు. ఎండకాలంల, నల్గొండ జిల్లల, ఎండ మంచిగున్నదట. మా చాకలాయన వచ్చి, "బొంతలు గూడ నువ్వే ఉతుక్కుంటే ఇగ నేనెందుకు?" అని అలిగిండు. "నీ గింజలు నీకు కొలుస్తలే" అని ఆయనకు సర్దిచెప్పిండు. మా తమ్ముడు ఉరికొచ్చి ఇవన్ని ఇంట్ల చెప్తుంటే నాకు వొళ్లు మండిపోయింది. నా నెత్తి మీద కత్తి వేలాడుతుంటే ఈయన ఊర్లె నవ్వులపాలు అవుతున్నడు, ఇదే దొరికిందా ఇయ్యాల అనుకున్న. ఉతికినయి ఆరినయి గూడ. నాయిన వాటిని తీసి మళ్ల తడుపుతున్నడని తమ్ముడు చెప్పిండు. అప్పుడు బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యాగింది. ఆమె నా దిక్కు చూసి, కొంగు నోటికడ్డం వెట్టుకొని లోపటికి వోయింది. ఎందుకు ఉతుకుతున్నడో ఆమెకు అప్పుడు తెలిసింది. నాకు గూడ.

మామ వచ్చిండు. సైకిల్ దిగిండు గని స్టాండు ఎయ్యలె, అట్లనే పట్టుకొని నిలవడ్డడు.

"నంబరు లేదు బిడ్డా. మళ్ల మళ్ల చూసిన. లేదు."

నేను బాయికాడికి వోయిన. నాయిన కోసం పోయిన అంటే సగం నిజం. తక్కిన సగం ఏందో ఆ పొద్దు నాకే తెల్వదు. కాళ్లు అటు పోయినయి. నాయిన బాయి పక్కన నీళ్ల హౌజు కాడ మోకాళ్ల దాక తడిసి, సబ్బు నురుగుల నిలవడి ఉన్నడు. నాకు, బాయికి నడుమ. నా మొకం చూసిండు. ఏం మాట్లాడుతడో అని నేను నిలవడ్డ. ఆయన ఒంగి, నీళ్లల్ల నుంచి బొంతను లాగి, ఒక కొస నా దిక్కు చాపిండు.

"పట్టు బిడ్డా. ఒక్కనితోని పిండుడు అయితలేదు."

తడిసిన బొంత ఎంత బరువుంటదో పిండినోళ్లకు తెలుస్తది. నేను రెండు చేతులతోని పట్టుకున్న. ఆయన అటు తిప్పిండు, నేను ఇటు తిప్పిన. బొంత మెలిక వడ్డది. నీళ్లు దబదబ కారినయి. నా చేతులు జారుతుంటే "ఇడువకు" అన్నడు. "గట్టిగ తిప్పు, ఇడువకు." నాకు ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో, పెద్దగ వచ్చింది, ఊరికి ఇనపడేటట్టు ఏడ్చిన. ఆయన ఆపలె. ఊకోమని గూడ అనలె. బొంతను గుంజి పట్టుకొని నిలవడ్డడు. నేను ఏడ్సుకుంటనే తిప్పిన. పిండుడు అయినంక, "బువ్వ తిని మళ్ల ఏడుద్దువు పా" అన్నడు. ఆ తర్వాత మా ఇంట్ల ఎవరికి ఏ దుఃఖమొచ్చినా ఆయన అదే మాట అంటుండె.

మళ్ల రాసిన. ఈసారి సప్పుడు లేకుంటనే లెక్కలు చేసిన. నాయిన గడప మీద కూసోని, దగ్గొచ్చినా మింగుకున్నడు. రిజల్టు నాడు మళ్ల మూట నెత్తిన వెట్టుకొని పోయిండు. నేను ఉరుక్కుంట పోయి "పాసైన నాయినా" అని చెప్పిన. ఆయన నన్ను చూసి, "మరి ఈ బట్టలు తడిపిన గద" అని, అన్ని ఉతికిందాక ఇంటికి రాలె.

ఇప్పుడు నేను టీచర్ని. మార్చి వస్తుందంటే తల్లిదండ్రులు స్కూలుకొస్తరు. వరండల చెప్పులు ఇడిచి, చేతులు కట్టుకొని నిలవడతరు. "తింటలేడు మేడం." "మాట్లాడ్తలేదు మేడం, గోడ దిక్కు తిరిగి పంటది." "ఏం జెయ్యాలె మేడం?" నేను ట్రైనింగుల మాకు చెప్పిన మాటలు చెప్త. తిట్టకుండ్రి, పక్కోళ్ల పిల్లలతోని పోల్చకుండ్రి, నిద్రవోనియ్యుండ్రి. వాళ్లు తల ఊపుతరు. ఆ కండ్లల్ల మాత్రం పుస్తకం తిప్పి చూసినప్పటి మా నాయిన చూపే ఉంటది. ఇన్నేండ్ల నౌకరిల నేను నేర్సుకున్నది అంతకన్న ఎక్కువ ఏం లేదు. పిల్లల గుండెల ఏమున్నదో నాకు గూడ తెల్వదు. రిజల్టు నాడు ఇంట్లనే ఉండుండ్రి, ఏదో ఒక పని పెట్టుకొని దగ్గర్నే ఉండుండ్రి అని మాత్రం అందరికి చెప్త.

నాయిన పోయినంక ఆయన పడక బట్టలు ఊరవతల పారేయాలన్నరు. అందుల ఆ బొంత గూడ ఉన్నది. రంగులన్ని వెలిసిపోయినయి, అంచుల దారాలు లేచినయి. నేను ఇయ్యనన్న. వానలు లేక మా బాయి ఎండిపోయి చాన దినాలైంది, అడుగున తుమ్మచెట్టు మొలిచింది. బోరింగు కాడ బిందెలతోని నీళ్లు కొట్టుకొచ్చి వాకిట్లనే ఉతికిన. అమ్మ గడపల కూసోని చూస్తున్నది. తమ్ముడు తువ్వాల దులుపుకుంట వచ్చి, "అక్కా, ఆ కొస నేను పట్టన్నా?" అన్నడు.

వద్దురా అన్న.

పిండకుంటనే ఎత్తి ప్రహరీగోడ మీద ఏసిన. పొద్దూకేదాక నీళ్లు కారుతనే ఉన్నయి. గోడ పొంట వాకిట్లకు, వాకిట్ల నుంచి ఆయన కూసునే గడప దాక వచ్చినయి.