బోర్లించిన గంప

కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టే ఇసుక ఎవరి సొత్తూ కాదు. అందుకే దానికోసం అంత గొడవ. మా అమ్మ ఈడు ఆడవాళ్ళు దానికొక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున్నే ఎవరు గంప బోర్లిస్తే ఆ చోటు ఆ రోజుకి వాళ్ళది. తమ పడవ ఆ రోజు రాదని తేలితే మాత్రం గంప ఎత్తేసి, చోటు పక్కవాళ్ళకి వదలాలి. ఎత్తనివాళ్ళని ఏమంటారో ఇక్కడ రాయలేను.

నా ఉద్యోగమూ ఇంచుమించు ఇదే, ఇసుక ఉండదంతే. పడవ ఎక్కడుందో ఒడ్డుకి చెప్పే పెట్టెలు చేసే చిన్న కంపెనీ మాది. ఆ పెట్టెలోని పరికరాలని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములని సి భాషలో ఇంట్లో కూర్చునే రాస్తాను. పరికరం నుంచి సమాచారం వచ్చినప్పుడల్లా దాన్ని ఉంచడానికి మెమరీలో కాస్త చోటు కావాలి. ఆ చోటుని పెట్టె ఆన్ చేసినప్పుడే తీసి పెట్టుకోవచ్చు. లేదా వచ్చినప్పుడల్లా అడిగి తీసుకుని, పనయ్యాక తిరిగి ఇచ్చేయొచ్చు. రెండోదాంట్లో ఒక చిక్కుంది. సమాచారం వచ్చిన ఆ క్షణాన ఆగి ఎదురుచూడటానికి వీల్లేదు. చోటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. లేదన్న సంగతి చూసుకోకుండా రాయబోతే పెట్టె మొత్తం బిగుసుకుపోతుంది.

ముందే తీసి పెట్టుకుందామన్నాను. మా పెద్దసారు ఒప్పుకోలేదు. ఉన్నదే కొంచెం మెమరీ, ఖాళీ చోటుని పట్టుకుని కూర్చోవడం దండగన్నారు. ఆ భాగం ఆయనే రాశారు. ఇసుకలో చోటు కోసం పోట్లాడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

మొదటి పెట్టెని మా అన్న పడవకే బిగించాం. ఫోన్లో సముద్రం మీద ఆకుపచ్చ చుక్క కదులుతుంటే అమ్మ పొయ్యి మీద కూర మరిచిపోయి చూసేది. నడిసముద్రంలో అన్నకి ఫోన్ అందదు కాబట్టి చుక్కనే తిట్టేది.

ఒకరోజు పొద్దెక్కాక ఆ చుక్క ఆగిపోయింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. అన్న పడవ రాలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి అమ్మకి వివరించాను. ఆగింది పెట్టె, పడవ కాదు, మెమరీలో చోటు దొరక్క బిగుసుకుని ఉంటుందని. అది నిజమో కాదో నాకే తెలీదు.

"పెట్టె సంగతి నాకెందుకే," అంది అమ్మ. "ఆడెక్కడున్నాడో సెప్పు."

చుక్క ఆగిపోయిన చోటు చూపించాను.

మధ్యాహ్నానికి ఇసుకంతా ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలతో నిండిపోయింది, అమ్మ గంప ఉన్న చోటు తప్ప. అమ్మ చెల్లెలు, మా పిన్ని, పరచడానికి చోటు లేక మిగిలిపోయిన తట్ట పట్టుకుని వచ్చి నిలబడింది. అడిగే హక్కు ఆమెకి ఉంది. పద్ధతి ప్రకారం అమ్మ గంప ఎత్తాలి. ఎత్తితే, పడవ రాదని ఒప్పుకున్నట్టే. పిన్నికీ అది తెలుసు. చోటు ఖాళీగానే ఉంది కదా అని మాత్రం మెల్లగా అంది.

అమ్మ వెళ్ళి గంప మీద కూర్చుంది.

"కాళీగున్నాదని నీకెవులు సెప్పినారే? ఆడొచ్చినదాక అది ఆడిదే."

పిన్ని తట్ట దించి అమ్మ పక్కనే కూలబడింది. ఆ పూట ఆమె నెత్తళ్ళు పాడైపోయాయి. ఆ సంగతి తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

పొద్దుగూకే వేళకి అన్న వచ్చాడు. దారిలో ఇంజను చెడిందట. అంటే నేను చెప్పింది సగమే నిజం. పెట్టె విప్పి చూస్తే, అది నేనన్నట్టే చోటు దొరక్క ఆగింది, పడవ తన సొంత కారణాలతో ఆగింది. అమ్మ వాడిని తిట్టాల్సినవన్నీ తిట్టి, ఏడ్చి, గంప తిరగేసింది. ఎండ పోయింది. అయినా వాడు తెచ్చిన చేపలని ఆ చోటులోనే పరిచింది. పిన్ని సాయం పట్టింది.

మర్నాడు పెద్దసారు రాసింది కొట్టేసి నేను మళ్ళీ రాశాను. పెట్టె ఆన్ కాగానే చోటు తీసుకుంటుంది, ఆపేసేదాకా వదలదు. ఆయన చూసి ఫోన్ చేశారు. ఎక్కువసేపు అది ఖాళీగానే ఉంటుంది కదమ్మా, తిరిగి ఇచ్చేస్తే ఏం పోయింది అన్నారు. చెప్పడానికి నా దగ్గర పుస్తకాల్లో ఉన్న కారణాలు బోలెడున్నాయి. వాటిని పక్కన పెట్టాను.

"ఖాళీ కాదు సార్," అన్నాను. "రావాల్సింది ఇంకా రాలేదు."