దర్శనానికా, సంబంధానికా?

ఈ ఉదయం మా కాలనీ ఆర్చి దగ్గర ఒక ఆటో ఆగింది. ఒక పెద్దాయన, ఆయన భార్య రెండు సంచులతో దిగారు. అక్కడి సిమెంటు బెంచీ మీద పేపరు చదువుతున్న నేను కళ్లద్దాలు పైకి జరిపి, గొంతు సవరించుకుని, సంచులతో ఎవరొచ్చినా మేము అడిగే ప్రశ్నే అడిగాను. "దర్శనానికా, సంబంధానికా?" పెద్దాయన పగలబడి నవ్వాడు. ఆవిడ మాత్రం "సంబంధం ఒకతూరి సాలన్నా, ఈతూరి దర్శనానికే" అంటూ బరువు సంచి నా చేతిలో పెట్టి నడిచింది. ఈ ప్రశ్న కొత్తవాళ్లకు మొరటుగా వినిపిస్తుంది. కానీ మా కాలనీ దీన్ని ఊరికే నేర్చుకోలేదు.

తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు దిగి కొంత లోపలికి వస్తే మా కాలనీ. వంద ఇళ్లని అందరికీ చెబుతుంటాను. పునాదుల దగ్గరే ఆగిపోయినవీ, హద్దురాళ్లు పాతి యజమానులు మరిచిపోయినవీ కలిపితే వందకు దగ్గర పడుతుందేమో. పొయ్యి వెలిగేవి అందులో సగం లేవు. మా మిద్దెక్కితే కొండమీది గోపురం కనిపిస్తుందని కూడా చెబుతాను. కనిపించేది పక్క లేఅవుటు వాళ్ల నీళ్ల ట్యాంకు. కొండ మాత్రం నిజంగానే కనిపిస్తుంది. చీకటి పడితే మెట్లదారి దీపాలు, ఎవరో సున్నంతో వంకరగా గీసిన గీతలా వెలుగుతాయి. నేను కొండమీద పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యానన్న మాట కూడా మీ చెవిన పడి ఉండొచ్చు. నేను పనిచేసింది లగేజీ కౌంటరులో. కింద ఒకరు సంచి తీసుకుంటారు, పైన మరొకరు తిరిగి ఇస్తారు. ఎవరి సంచి, అందులో ఏముంది అని అడగం. చీటీ చూస్తాం, అంతే.

మా కాలనీలో చుట్టాల సంగతీ ఇంచుమించు అంతే, కాకపోతే చీటీ కూడా ఉండదు. తిరుపతి పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి చుట్టాల కొదవేముంది? ఏదో పెళ్లిలో ఒకసారి పలకరించినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, అందరూ దర్శనానికి వస్తూ మన గుమ్మం తొక్కుతారు. ఇళ్లా, రెండేసి గదులవి. నిండి మిగిలినవాళ్లు పక్కింటికి పోతారు, అక్కడా మిగిలితే ఎదురింటికి. తెల్లవారి సంచులతో ఎవరు కనబడినా ముందు చూసినవాళ్లు వేడినీళ్లు పెట్టాలి. ఎవరి పొయ్యి మీద ఇడ్లీ ఉడుకుతుంటే వాళ్లు టిఫిను పెట్టాలి. మా వీధి ఆటో అతను కొండ బస్సు దగ్గర దించిరావాలి. ఎవరి తాలూకు అని మాత్రం అడగకూడదు. అడిగితే, లోపలికి రానివ్వడానికి మనసు లేనట్టు ఉంటుందని మా ఆవిడ సిద్ధాంతం.

మా ఎదురింటి చెల్లెలికి, నన్ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి చెల్లెలే, ఒక్కగానొక్క కూతురు. ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. కంపెనీ బస్సు ఆర్చి దగ్గరికే వస్తుంది. కొన్నేళ్ల కిందట సంబంధాలు చూస్తున్నప్పుడు పిల్లకు వంక పెట్టినవాడు లేడు, వంకంతా కాలనీకే. చూడవచ్చిన రెండు సంబంధాలవాళ్లూ కంకర దారినీ, కంపచెట్లనీ చూసి మొహం మాడ్చుకున్నారు. ఒకాయనైతే చెల్లెలు ఇచ్చిన కాఫీ తాగుతూనే "ఈడ మనుషులుంటారా అబ్బా, నక్కలుంటాయా?" అన్నాడు. ఆ తరవాత కబురు లేదు. ఇల్లు అమ్మేసి టౌన్లో అద్దెకు పోదామని చెల్లెలి భర్త పట్టుబట్టాడు. "ఈడికి రానోడు నాకొద్దు నాయనా" అంది పిల్ల. అంతలో నాయుడుపేట నుంచి మూడో సంబంధం వచ్చింది. ఇదీ తప్పిపోతే ఇల్లు అమ్మకానికి పెట్టడమేనని ఆయన తేల్చి చెప్పాడు.

ముందురోజు చెల్లెలు మా ఇంటికొచ్చింది. "అన్నా, రేపు పది గంటలకి వస్తారంట. నువ్వు ఆర్చి కాడ ఉండి కాలనీ గురించి నాలుగు మంచి మాటలు సెప్పు. ఎచ్చులు సెప్పేది నీకు బాగా వచ్చు గదా" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చాలా ముందే బెంచీ మీద కూర్చున్నాను. పది దాటింది, పదకొండు దాటింది, ఎవరూ రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నానికి కేసరి గట్టిపడింది, బజ్జీలు మెత్తబడ్డాయి. చెల్లెలు వంటింట్లో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, ఆమె భర్త వరండాలో ఇళ్ల బ్రోకరుతో ఫోనులో మాట్లాడుతున్నాడు. పిల్ల పట్టుచీర మడిచి లోపల పెట్టి, యూనిఫాం వేసుకుని సాయంత్రం షిఫ్టుకు బయలుదేరింది.

ఆమె బస్సు కోసం నా పక్కన నిలబడి ఉండగా మా వీధి ఆటో వచ్చింది. పెద్దవాళ్లిద్దరూ, నున్నటి గుండుకు గంధం పూసుకున్న ఒక అబ్బాయీ దిగారు. ఎవరింటి చుట్టాలోలే అనుకుని "దర్శనం బాగా జరిగిందా?" అన్నాను.

"బెమ్మాండంగా జరిగింది సామీ. ఇంగ అమ్మాయిని సూపిస్తారా?" అన్నాడు పెద్దాయన.

నేను లేచి ఎదురింటి చెల్లెలి కోసం కేక పెట్టాను. ఇందులో ఎచ్చులేమీ లేవు, నిజంగానే వీధి వీధంతా బయటికొచ్చింది.

జరిగిందేమంటే, ముందు బస్సు దొరికి వాళ్లు తెల్లవారుతూనే దిగారు. ఎదురింటికి దారి అడిగితే, దర్శనానికొచ్చిన చుట్టాలనుకుని మా ఆవిడ "ఆ ఇంట్లో ఈపొద్దు తావు లేదు, ఈడికి రాండి" అని మా ఇంట్లోకి తీసుకొచ్చింది. ఆడపిల్లవారు విడిది ఏర్పాటు చేశారని వాళ్లు మురిసిపోయారు. స్నానాలు మా ఇంట్లో, ఇడ్లీలు మా వీధి మూలింట్లో. పెద్దాయన "మరి మేమొచ్చిన పని..." అని నసిగితే మూలింటావిడ "ముందు సామిని సూడండి, పనులు యాడికి పోతాయి?" అని ఆటో ఎక్కించేసింది. ఇక్కడి ఆచారం కాబోలనుకుని వాళ్లు కొండెక్కారు, ఫోన్లు ఆపి కౌంటరులో ఇచ్చి క్యూలో నిలబడ్డారు. అబ్బాయికి చిన్ననాటి మొక్కు ఒకటి తీరకుండా ఉందట, ఎటూ వచ్చాం కదా అని తల్లి అదీ తీర్పించింది. దర్శనమయ్యాక ఫోన్లు చేతికొచ్చినా ఎవరూ ఆన్ చెయ్యలేదు. పంపించినవాళ్లకు తెలియదా ఎక్కడున్నామో!

పిల్లకు అందరికంటే ముందు అర్థమైంది, చేతిలో టిఫిను డబ్బా పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అబ్బాయి రెండు చేతులూ గుండు మీద పెట్టుకుని "పెండ్లి నాటికి పెరుగుతాదండి" అన్నాడు.

"మీరింకా నన్ను సూడనే లేదే!"

"సూస్తానే ఉండా గదండీ."

చెల్లెలు పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "తప్పయిపోయింది వదినా, మా కాలనీ ఇంతే..." అబ్బాయి తల్లి ఆమెను ఆపి "పొద్దున నాకు నీళ్లు కాంచింది ఎవురు?" అంది. మా ఆవిడ భయపడుతూ చెయ్యెత్తింది. "ఇడ్లీ పెట్టింది?" మూలింటావిడ. "వీళ్లు మీకేమవుతారమ్మా?" అని చెల్లెల్ని అడిగింది. "ఏమీ కారు వదినా." ఆవిడ మా ఆవిడనీ మూలింటావిడనీ దగ్గరికి పిలిచింది. "మేముండేది టౌను నడిమధ్యన. మా పక్కింట్లో ఎవురుండేదీ నాకు ఈనాటికీ తెలీదు" అని కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా?"

"గుండు కొట్టించి ఇంగ అడుగుతావేంది మా" అన్నాడు వాడు.

అంతలో కంపెనీ బస్సు వచ్చింది. పిల్ల మెట్టు మీద కాలు పెట్టి "నేను ఉద్యోగం మానను, ఈడనుంచి కదలను" అంది. "అయితే ఈడే అద్దెకి ఇల్లు సూస్తా, నువ్వు షిఫ్టుకు పో" అన్నాడు అబ్బాయి. డ్రైవరు ఈ మాటలన్నీ అయ్యేదాకా హారను కొట్టలేదు.

ఈ పెళ్లి నేనే కుదిర్చాననీ, కాలనీ గొప్పతనం తెలియాలని వ్యూహం పన్ని ముందు కొండకు పంపాననీ మీకెవరైనా చెబితే, ఆ చెప్పినవాడికి చెప్పింది నేనే. వాళ్లు దిగిన వేళకు నేను గురక పెడుతున్నాను.

ఎదురింటికి అమ్మకం బోర్డు రాలేదు. కొత్త జంట మా వీధిలోనే కాపురం పెట్టింది. ఈ ఉదయం దిగినవాళ్లు ఆ అబ్బాయి తల్లిదండ్రులే. మనవరాలి పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి వచ్చారు. ఎవరి ఇల్లని చూసుకోకుండా మళ్లీ మా ఇంట్లోనే స్నానం చేసి, మూలింట్లో ఇడ్లీ తిని, పాపనెత్తుకుని ఆటో ఎక్కారు. సాయంత్రం చిన్న గుండు ఒకటి గంధంతో దిగుతుంది. ఆర్చి దగ్గర కూర్చుని చూస్తుంటే, కంకర దారికి తారు పడింది, పునాదుల్లో కొన్ని ఇళ్లయి దీపాలు వెలుగుతున్నాయి. గుండు మీద జుట్టు మొలవడం ఎవరూ చూడరు, ఒకరోజు దువ్వెన తగిలాకే తెలుస్తుంది. కాలం మమ్మల్ని ఊరుగా చేసింది కూడా అలాగే.