ఓడ తోక మీది గది

సముద్రం చూడకముందే నేను ఓడల మీద పండితుణ్ణయ్యాను. కోటగిరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఏడాది, మధ్యాహ్నం అన్నం తిన్నాక పనేమీ లేక ఫోన్లో వీడియోలు చూడటం మరిగాను. మొదట ట్రాక్టర్లవి, తర్వాత రైళ్లవి, ఆ తర్వాత ఎలా వచ్చి పడ్డాయో తెలియదు గానీ క్రూజ్ ఓడలవి. ఓడలో ఏ గది మంచిదో, ఏది కాదో గంటలకొద్దీ చెప్పేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు అంతకుముందు తెలియదు. వాళ్లలో ఒక వర్గం ఉంది. ఓడ వెనకాల, సరిగ్గా తోక మీద ఉండే బాల్కనీ గదే గది అనీ, మిగతావన్నీ దండగ అనీ వాళ్ల వాదన. నేను ఆ వర్గంలో కలిసిపోయాను.

నోట్‌బుక్కులో నడుమ గీత కొట్టి ఒక పక్క లాభాలు, ఇంకో పక్క నష్టాలు రాసుకున్నాను. బాల్కనీ పెద్దది. ఎదురుగాలిని ఓడే అడ్డుకుంటుంది కనుక టీ కప్పు ఎగిరిపోదు. ఓడ చీల్చుకుంటూ వచ్చిన నీళ్లు వెనక తెల్లటి దారిలా కనిపిస్తాయి. ఇవీ లాభాలు. నష్టాల పక్కన ఇంజను అదురు, పొగగొట్టం మసి, లిఫ్టు నుంచి దూరం అని రాశాను. కాస్త చిన్న అక్షరాలతో రాశాను.

అసలు ప్రయాణం తలపెట్టింది మా అక్క. బోధన్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా సముద్రం చూడలేదు. ఆమె చూసిన నీళ్లన్నిట్లోకీ పెద్దవి పోచంపాడ్ డ్యాం నీళ్లు. ఒకరోజు మా వాకిట్లో కూర్చుని, పోచంపాడ్ నిండినప్పుడు ఎంత ఉంటుందో సముద్రం అంత ఉంటుందా అని అడిగింది. ఎక్కువే ఉంటుందన్నాను. ఎంత ఎక్కువ అని అడిగింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, జవాబు చెప్పలేకపోయాను. చూపిస్తే పోతుంది కదా అనుకున్నాను. అలా నలుగురం పోదామనుకున్నాం, అక్క, బావ, నా భార్య, నేను. ముంబైలో ఎక్కి, గోవా, లక్షద్వీప్ చూసుకుని, ఐదు రాత్రుల తర్వాత మళ్లీ ముంబైలోనే దిగే ఓడ.

నిజామాబాద్ బస్టాండ్ దగ్గరి ట్రావెల్స్ దుకాణంలో ఒక అమ్మాయి కంప్యూటర్ మా వైపు తిప్పి ఓడ బొమ్మ చూపించింది. రెండే గదులు మిగిలాయి. ఒకటి వెనక బాల్కనీది. రెండోది ఓడ కడుపులో, కిటికీ కూడా లేనిది. వెనక గదుల్లో కొంచెం అదురుతుందని ఇంతకుముందు పోయినవాళ్లు చెప్పారని ఆ అమ్మాయి మెల్లగా హెచ్చరించింది. నేను ఆమెకు పావుగంట సేపు వెనక గదుల గొప్పతనం వివరించాను. ఓపికగా అంతా విని, "మీరు ఎన్నిసార్లు పోయిండ్రు సార్?" అని అడిగింది.

ఇదే మొదలు అన్నాను. నా భార్య గోడ మీది క్యాలెండర్‌ను చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చుంది.

అక్కను కిటికీలేని గదిలో పెట్టి నేను బాల్కనీలో కూర్చుంటే బాగుండదు. అందుకని టైంటేబుల్ వేశాను. మొదటి రెండు రాత్రులు బాల్కనీ గది మాకు, తర్వాతి మూడు రాత్రులు అక్కావాళ్లకు, పగలు అందరికీ. బడికి ఏటా టైంటేబుల్ వేసినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను.

ఓడ ఎక్కిన రోజే మొదటి నష్టం ఎదురొచ్చింది. లిఫ్టు దిగి మేం నడుస్తూనే ఉన్నాం. రెండు పక్కలా ఒకేలాంటి తలుపులు, కింద ఒకేలాంటి తివాచీ. అక్కకు మోకాళ్ల నొప్పులు. మూడుసార్లు గోడ పట్టుకుని ఆగింది. నాలుగోసారి ఆగి, "తమ్మీ, మనం ఓడల ఉన్నమా, బోధన్‌కు నడుస్తున్నమా?" అని అడిగింది. బావ సామాన్యంగా ఏమీ అనడు. అక్క సంచీ కూడా తన భుజానికే తగిలించుకుని నడిచాడు.

బాల్కనీ తలుపు జరపగానే మాత్రం అందరం ఆ నడక సంగతి మరిచిపోయాం. రెండు పడక కుర్చీలు, ఒక బల్ల, ఎదురుగా అడ్డం లేని ఆకాశం. ఓడ కదిలాక కింద నీళ్లు నురగలు కక్కుతూ వెనక్కి పరుచుకోవడం మొదలైంది. ముంబై మేడలు అంగుళం అంగుళం చిన్నవవుతున్నాయి. నేను రాసింది రాసినట్టే, గాలి లేదు, టీ కప్పు కదల్లేదు. అక్క కుర్చీని రైలింగు దాకా జరుపుకుని చాలాసేపు చూసింది.

"చిన్నప్పుడు చెరుకు బండి ఎనుక కాళ్లు ఏలాడేసుకొని కూసుంటుంటిమి, యాదికున్నదా?" అంది. "గట్లనే ఉన్నది. యాడికి పోతున్నమో ఎవలకెరుక, పోయిన తొవ్వ మాత్రం మంచిగ కనవడ్తది."

అన్ని వీడియోలు చూశాను, వెనక గది గురించి ఇంత బాగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సాయంత్రం నేను భూమ్మీద నడవలేదు. సముద్రమే కదా, ఎలాగూ నడవడానికి భూమి లేదు.

తెల్లారేసరికి నా గర్వం సగానికి తగ్గింది. ఓడ వేగం అందుకున్నాక మంచం సన్నగా వణకడం మొదలుపెట్టింది. బాత్‌రూంలో రెండు గాజు గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. నా భార్య లేచి వాటి మధ్య తువాలు కుక్కింది. అప్పుడు బీరువాలో హ్యాంగర్లు అందుకున్నాయి. వాటిని తీసి సోఫా మీద పడేస్తే, ఎక్కడినుంచో ఇంకోటి మొదలైంది. అది నా కళ్లజోడు. పొద్దున ఆమె మంచం మీద కూర్చుని, కళ్లు ఎర్రగా చేసుకుని నన్ను చూసింది.

"ఈ అదురుడు నీ నోట్‌బుక్కుల రాసుకున్నవా?"

"రాసిన."

"ఎంత పెద్ద అక్షరాలల్ల?"

నేను బాల్కనీలోకి పోయాను. టిఫిన్ గదికే తెప్పించుకున్నాను. ఉప్మాలో ఆవాలు బాగా వేశారే అనుకుంటూ సగం తిన్నాక, బల్ల మీదా, నా తెల్లలుంగీ మీదా కూడా ఆవాలు కనిపించాయి. తలెత్తి చూస్తే పొగగొట్టం మా నెత్తి మీదే ఉంది. నష్టాల పక్క రాసుకున్న మూడూ ఒక్కరోజు గడవకముందే వరసగా హాజరు పలికాయి.

పదింటికి బావ వచ్చాడు. చెప్పులు తలుపు దగ్గర విడిచి, గది నడుమ నిలబడ్డాడు. కాసేపు అలాగే నిలబడి, అరచెయ్యి గోడకు ఆనించాడు. పాలిచ్చే బర్రె పొట్ట మీద చెయ్యి వేసినట్టు వేశాడు. "ఇంజను గీ కిందనే ఉన్నట్టున్నది" అన్నాడు. సోఫా మీది హ్యాంగర్లు పక్కకు జరిపి కూర్చున్నాడు. నేను పొగగొట్టం గురించి ఆయనకు ఫిర్యాదు చేస్తూ రెండు నిమిషాలు మాట్లాడి చూద్దును కదా, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

బావ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు నలిపే మిల్లు దగ్గర పనిచేసినవాడు. వాళ్ల క్వార్టర్ మిల్లుకు ఆనుకునే ఉండేది. సీజన్ మొదలైతే ఇంట్లో గిన్నెలు రాత్రింబవళ్లు అదిరేవి. మేం చుట్టపుచూపుగా పోతే ఒక్కరాత్రికే తల పగిలేది, వాళ్లు మాత్రం హాయిగా పడుకునేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఊరంతా నిశ్శబ్దమయ్యాక, బావకు నిద్ర కరువైంది. మాత్రలు మింగాడు. అరికాళ్లకు నూనె రాయించుకున్నాడు. కొన్నాళ్లు చలికాలంలో కూడా కూలర్ పెట్టుకుని, మీద రెండు దుప్పట్లు కప్పుకుని, ఆ మోత వింటూ పడుకునే ప్రయత్నం చేశాడు. అక్కకు జలుబు చేసింది తప్ప ఆయనకు నిద్ర రాలేదు.

భోజనానికి పిలవడానికి వచ్చిన అక్క, గుమ్మంలోనే ఆగిపోయింది. నేను బావ భుజం తట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపకు తమ్మీ. ఈయన గిట్ల పండుకోంగ సూసి ఎన్నేండ్లయిందో."

ముగ్గురం చప్పుడు చేయకుండా బాల్కనీలో కూర్చున్నాం. అక్క సముద్రం వైపు కూర్చోలేదు. అద్దం తలుపు వైపు తిరిగి, నిద్రపోతున్న మనిషిని చూస్తూ కూర్చుంది. భోజనాల వేళ దాటిపోయింది. నాలుగింటికి బావ కళ్లు తెరిచి, మమ్మల్ని అయోమయంగా చూసి, "షిఫ్టు మారిందా?" అని అడిగాడు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, జీవితంలో మొదటిసారి నన్నొక కోరిక కోరాడు.

"బామ్మర్దీ, నేను ఈడనే ఉంట."

ఆయన మాట పూర్తయ్యేలోగానే నా భార్య మా పెట్టె సర్దేసింది. టైంటేబుల్ పోతే పోయింది, మేం కిటికీలేని గదికి మారాం. అక్కడ అదురు లేదు, మసి లేదు, లిఫ్టు పక్కనే. ఆమె పడుకోగానే నిద్రపోయింది. నాకూ కునుకు పట్టబోతుండగా తలుపు చప్పుడైంది. అక్క దిండు చంకన పెట్టుకుని నిలబడి ఉంది. కింద ఇంజనుతో బాధ లేదట, ఎప్పుడో అలవాటైందే. కానీ దానికి తోడు బావ గురక కూడా కలిసేసరికి రెండు మిల్లుల మధ్య పడుకున్నట్టుందట. నా భార్య కళ్లు తెరవకుండానే పక్కకు జరిగి అక్కకు చోటిచ్చింది. అలాగే కళ్లు మూసుకునే, "నువ్వు ఆడికి పో. నువ్వు మెచ్చిన గదే గద" అంది.

అలా ఆ వెనక గదిలో మిగతా రాత్రులన్నీ నేనే ఉన్నాను, చెవుల్లో దూది పెట్టుకుని. గోవాలో ఓడ ఆగి ఇంజను మూగబోయిన క్షణాన, నాకు ఇక నిద్ర పడుతుందని సంబరపడ్డాను. అదే క్షణాన బావ దిగ్గున లేచి కూర్చుని, ఏం ఖరాబైందని నన్ను పట్టి కుదిపాడు.

లక్షద్వీప్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు చీర సంగతి జరిగింది. మధ్యాహ్నం ఎండంతా మా బాల్కనీలోనే పడుతుందని అక్క కనిపెట్టింది. బట్టలు ఆరేయకూడదని తలుపు వెనక రాసి ఉంది. అది ఇంగ్లీషులో ఉంది కనుక తనకు వర్తించదనుకుంది. నీలం రంగు చీర ఉతికి రైలింగు మీద పరిచింది. ఎదురుగాలి తగలదన్న నా మాట నిజమే గానీ, ఓడ వెనక గాలి అప్పుడప్పుడూ సుడి తిరుగుతుందని నా నోట్‌బుక్కులో లేదు. చీర ఒక్కసారి లేచి, గాల్లో నిలబడి, కిందికి దిగింది. వెనక బాల్కనీలు మెట్లలాగా ఉంటాయి, పైదానికంటే కిందిది ముందుకు పొడుచుకుని ఉంటుంది. అందువల్ల చీర సముద్రంలో పడలేదు. కింది బాల్కనీలో టీ తాగుతున్న ముసలి దంపతుల మీద, ఇద్దరినీ కలిపి కప్పేస్తూ పడింది.

చీర కిందినుంచి మరాఠీ వినిపించింది. నేను గదిలోకి జారుకున్నాను. అక్క జారుకోలేదు. ఏటా మహారాష్ట్ర సరిహద్దు దాటి ధర్మాబాద్ మార్కెట్‌కు పోయి మిరపకాయలు బేరమాడి నేర్చుకున్న మరాఠీ ఆమెది. ఆ భాషలో క్షమాపణ మాటలు తక్కువ, బేరం మాటలు ఎక్కువ. రైలింగు మీద వంగి ఆమె ఏమందో నాకు తెలియదు. ముందు కిందావిడ గట్టిగా ఏదో అడిగింది. అక్క చెప్పింది. తర్వాత ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. అక్క లోపలికొచ్చి ప్రకటించింది. వాళ్లది నాందేడ్. వాళ్లు కూడా మిరపకాయలు ధర్మాబాద్‌లోనే కొంటారు.

ఆ తర్వాత అక్కకు సముద్రంతో పని లేకపోయింది. ఆ పొడుగు దారంతా నడిచి, కింది అంతస్తుకు పోయి, ఏ రకం కాయ కారమో, ఏది రంగో తేల్చుకుని, మడతపెట్టిన చీరతో పాటు పల్లీల పొడి పొట్లం తెచ్చింది. మోకాళ్ల మాట ఎత్తలేదు. ఇంటినుంచి గంటన్నర దూరంలో ఉన్నవాళ్లను కలవడానికి సముద్రం మీదికి రావాల్సి వచ్చిందని నా భార్య అంటే, అందులో వింతేముంది, మార్కెట్లో మాట్లాడే తీరిక ఎక్కడుంటుంది అంది అక్క.

చివరి రోజు పొద్దున ముంబై వస్తోందని మైకులో చెప్పారు. జనమంతా ఫోన్లు పట్టుకుని ముందువైపు పై అంతస్తుకు పరుగెత్తారు. మేం వెనకవాళ్లం, ఊరు మాకు అందరికంటే ఆఖర్న కనిపిస్తుందని నేను ఒప్పేసుకున్నాను. బావ షర్టు వేసుకుంటున్నాడు, నా భార్య సంచీల జిప్పులు లాగుతోంది. అక్క బాల్కనీలో నిలబడి పళ్లు తోముకుంటోంది. అంతలో ఓడ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎంత తిరగాలో అంతా తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ రేవులోకి పోయింది. క్రేన్లు, గోదాములు, పసుపు కోట్లు వేసుకుని తాళ్లు పట్టుకున్న మనుషులు, అందరూ నేరుగా మా బాల్కనీ ముందుకొచ్చి నిలబడ్డారు. ముందుకు పోయినవాళ్లందరికీ వచ్చిన సముద్రమే మళ్లీ కనిపిస్తూ ఉండి ఉంటుంది.

కింద తాడు పట్టుకున్న ఒకాయన తలెత్తి, మొట్టమొదట కనిపించిన మా అక్కకు సలాం కొట్టి, చేత్తో సైగ చేశాడు. ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతున్నట్టే ఉంది. అక్క నోటినిండా నురగ. బ్రష్షు ఊపి, ఆగమని చెయ్యి చూపించి, లోపలికి పరుగెత్తి పుక్కిలించి, చెంగుతో మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చింది. ఆయన అప్పటికి వంగి తాడు కడుతున్నాడు. ఆయన తలెత్తేదాకా అక్క రైలింగు పట్టుకుని నిలబడింది. మేం సంచీలు పట్టుకుని గుమ్మంలో ఎదురుచూశాం.

ఆయన లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఎనిమిదో అంతస్తు నుంచి, తెలుగులో, "ప్రయాణం మంచిగుండె అన్నా" అని చెప్పి అక్క లోపలికొచ్చింది.