ఎల్డన్ ప్రూయిట్ ముక్కాలి

ఎల్డన్ ప్రూయిట్ ప్రాణానికి ఈ లోకంలో ఒక్కటే గిట్టేది కాదు: ఏదైనా ఊగడం. బల్ల కానీ, కుర్చీ కానీ, చర్చిలో పియానో కానీ, కాళ్ళు నేలకి సమంగా ఆనకపోతే ఆయనకి తిండి సయించేది కాదు. పాత పాస్టరు గారి అంత్యక్రియలప్పుడు ఊరంతా తలలు వంచి ప్రార్థన చేస్తుంటే ఎల్డన్ శవపేటిక పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అయ్యో, ఎంత దుఃఖపడుతున్నాడో" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తీరా చూస్తే ఆయన పూలగుత్తి పెట్టిన స్టాండు కింద అట్టముక్క దోపుతున్నాడు.

అలాంటి మనిషికి రాత్రిపూట అడవిపందుల వేట పిచ్చి కూడా తోడైతే పక్కనున్నవాడి గతి ఏమిటో రాయిస్ హాగర్‌ని అడగాలి. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇద్దరూ కలిసే వేటకెళ్ళేవారు. రాయిస్‌ది టెక్సస్ ఇసుకనేలలో వేరుశనగ సేద్యం. అక్కడ వేరుశనగ వేసినవాడికి పందులతో పోరు తప్పదు. మొలక లేచేదాకా కంటిమీద కునుకుండదు. సాలు వెంబడే ముక్కు పెట్టుకుని, నాటిన గింజ నాటినట్టే ఏరుకుని తినేస్తాయి. తెల్లారి చూస్తే ఎవడో తాగి దున్నినట్టుంటుంది చేను.

చీకటి పడగానే పికప్పు ట్రక్కు ఎక్కేవారు. వెల్డా, అంటే రాయిస్ భార్య, సాసేజీ మాంసం పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలూ ఫ్లాస్కు నిండా కాఫీ ఇచ్చేది. రేడియోలో బేస్‌బాల్ వింటూ, ఓడిన జట్టుని తిడుతూ, చేను గట్టున కూర్చునేవారు. కప్పల అరుపులు, తడి ఇసుక వాసన, ఎక్కడో కయోటీ నక్కల ఊళలు. వేడిగా ఉన్నదాన్నల్లా తెల్లగా చూపించే తుపాకీ స్కోపులో ఉన్నట్టుండి తెల్లటి మచ్చలు కదిలేవి. అప్పుడు మొదలయ్యేది అసలు కథ. తుపాకీ ఆనించుకునే ముక్కాలి స్టాండుని ఎల్డన్ కిందికి దించేవాడు.

"పెద్ద మందరా! పెట్టు, పెట్టు!"

"పెడుతున్నా."

"పెట్టావా?"

"ఎడమ కాలు దిగబడుతోంది."

"పందులు నా చేలో దిగబడ్డాయిరా ఇక్కడ!"

"రసమట్టం ఎక్కడ పెట్టాను చెప్మా?"

"ఒరేయ్, నువ్వు తుపాకీకి స్టాండు పెడుతున్నావా, ఇంటికి పునాది తీస్తున్నావా?"

"ఇంటికైతే ఇంత కంగారుపడను," అనేవాడు ఎల్డన్ జేబులు తడుముకుంటూ.

బూటు మడమతో ఇసుక తన్ని గట్టిపరిచేవాడు. ఒక కాలు పొడవు చేసి, రెండోది కురచ చేసి, బరువు కోసం మధ్యలో మొక్కజొన్నల సంచీ వేలాడదీసేవాడు. కూర్చుని చూసి, లేచి, మళ్ళీ సర్దేవాడు. ఇంత చేసి తను కాల్చేవాడా అంటే, అదీ లేదు. "నా కళ్ళు నీళ్ళు కారుతున్నాయిరా. నువ్వు కూర్చో," అని పక్కకి తప్పుకుని, ముక్కాలి వెనక కాలు పట్టుకుని కూర్చునేవాడు. ఈ తతంగం అయ్యేసరికి మందలో సగం మేత ముగించుకుని వెళ్ళిపోయేది. మిగిలినవాటిలో రాయిస్ ఒకటి ఎంచుకునేవాడు. ఒక్కటే గుండు, పంది అక్కడికక్కడే పడేది.

ఒకసారి ఒంటరి పంది ఒకటి చేను మూల కదలకుండా నిలబడి ఉంది. ఎల్డన్ కాళ్ళు సర్దుతున్నాడు, సర్దుతున్నాడు. స్కోపులోంచి చూస్తున్న రాయిస్ ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్, పంది వెలిసిపోతోందిరా!"

"వెలిసిపోవడమేమిట్రా?"

"కనిపించకుండా పోతోంది!"

వెళ్ళి చూస్తే అది పశువులకు ఉప్పు పెట్టే నల్ల రబ్బరు తొట్టి. పగలంతా ఎండకి కాగి, ఎల్డన్ మూడో కాలు సర్దేలోపు చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆ ఆలస్యమే తొట్టిని కాపాడింది. కానీ రాయిస్ ఊళ్ళో చెప్పేటప్పుడు ఆ ముక్క మింగేశాడు.

మేకలు ఈనే రోజుల్లో పొరుగువాళ్ళ దొడ్డి దగ్గర కయోటీ కోసం కాపేసినప్పుడైతే, ఆ నక్క వీళ్ళ హడావుడి చూసి, వెనక్కాళ్ళ మీద కూర్చుని ఆవలించిందని రాయిస్ చెప్పేవాడు. "మావాడు ముక్కాలి సర్దేలోపు పంది ఈని, పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా చేసేస్తుంది," అని ట్వైలా నడిపే కాఫీ హోటల్లో అందరినీ నవ్వించేవాడు. అందరికంటే గట్టిగా ఎల్డనే నవ్వేవాడు. ఊళ్ళో గురి అంటే రాయిస్‌దే. ఎల్డన్ అంటే స్టాండు మోసేవాడు.

ఆ ఏడు ఎల్డన్ మోకాలికి ఆపరేషన్ అయింది. మళ్ళీ నడక నేర్పే ఆసుపత్రిలో, ఇద్దరికో గది ఇచ్చి పడుకోబెట్టారు. సరిగ్గా అప్పుడే పందులు రాయిస్ చేను ఒకసారి తిరగేసి పోయాయి. మళ్ళీ విత్తాడు. ఇది కూడా పోతే ఇంకోసారి విత్తడానికి అదను ఉండదు. "ఈసారి కూడా తినేస్తే నేల కౌలుకిచ్చేసి వసారాలో కూర్చుంటా," అన్నాడు భార్యతో. వసారాలో కూర్చునే రాయిస్‌ని వెల్డా ఊహించుకోలేకపోయింది.

ఎల్డన్ కొట్టంలోంచి ముక్కాలి తెచ్చుకుని ఒక్కడే వెళ్ళాడు రాయిస్. పీడ విరగడైంది, ఇవాళ నిమిషంలో పని అయిపోతుందనుకున్నాడు. నిజంగానే నిమిషంలో పెట్టేశాడు కూడా. హాయిగా నిలబడి, పెద్ద ఆడపందికి గురిపెట్టాడు. పంది నాట్యం చేస్తోంది. రెప్పలు ఆర్పి మళ్ళీ చూశాడు. పంది తింటూనే ఉంది, నాట్యం చేస్తున్నది తుపాకీ. కాల్చాడు. ఇసుక లేచింది. మంద చెల్లాచెదురైపోయింది.

చలి అనుకుందామంటే జూన్ నెల. ఈమధ్య కాఫీ ఎక్కువవుతోందని చాన్నాళ్ళుగా తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. పికప్పులో లైటు వేసి ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూశాడు. అది అతని మాట వినడం లేదు. ఇన్నేళ్ళలో పందికి, నక్కకి, పాముకి భయపడని మనిషి ఆ చేతిని చూసి భయపడ్డాడు.

పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీ ముక్కాలి పాడైంది."

"అది పాడవదు. ఎంత ఎత్తులో పెట్టావు?"

"నిలబడి కాల్చా."

"నిలబడా! నీకు నిలబడి పనికిరాదురా. కూర్చోవాలి. మోచెయ్యి మోకాలికి ఆనాలి. ఎడమ కాలు బాగా బయటికి లాగు, ఆ చెయ్యే కదా వణికేది..." అంటూ టక్కున ఆగిపోయాడు ఎల్డన్.

రాయిస్ ఫోన్‌ని కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు రాయిస్.

"ఏంటి తెలిసేది?"

"నాటకాలాడకు."

ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు. "ఒకరోజు నీ కాఫీ ఒలికింది గుర్తుందా? బల్ల ఊగుతోందని ట్వైలా మీద ఎగిరావు. నేను కిందకి దూరి చూశాను. బల్ల బాగానే ఉంది."

"మరి అట్టముక్క పెట్టావు కదరా!"

"పెట్టాను. పెట్టకపోతే నువ్వు ఊరుకునేవాడివా?"

"నీ కళ్ళు?"

"నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి."

"వెల్డాకి తెలుసా?"

"నీకు కాఫీ సగం కప్పే ఎందుకు పోస్తోందనుకున్నావు?"

రాయిస్‌కి ముందు సిగ్గేసింది. తర్వాత ఒళ్ళు మండింది. ఊరంతా ఈ మనిషిని చూసి నవ్వుతుంటే, నవ్వించింది తనే. ఇన్నాళ్ళూ ఈ వెధవ తన పరువుని మూడు కాళ్ళ మీద నిలబెట్టి, పక్కన కూర్చుని తిట్లు తిన్నాడు. అంత ప్రేమ ఒక్కసారిగా మీదపడితే ఏం చెయ్యాలో తెలియక కసురుకున్నాడు.

"ఇంక నా వల్ల కాదురా. కౌలుకిచ్చేస్తా."

"ఇద్దువుగానిలే. ముందు ఈ రాత్రి సంగతి చూడు. వెనక కాలు గట్టిగా పట్టుకోవాలి, వెల్డాని తీసుకెళ్ళు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకో."

ఆ రాత్రి నైటీ మీద రాయిస్ కోటు తొడుక్కుని, రబ్బరు బూట్లేసుకుని, వెల్డా ఇసుకలో చతికిలబడి వెనక కాలు రెండు చేతులా పట్టుకుంది. పందులు వచ్చాయి. ముందు ఆ పెద్ద ఆడపందే. జేబులోంచి ఎల్డన్ గుసగుసలాడాడు.

"సంచీ కట్టావా?"

"కట్టా."

"ఎడమ కాలు?"

"లాగా."

"ఇంకొంచెం లాగు."

"నీకెలా కనిపిస్తోందిరా అక్కణ్ణించి?"

"నువ్వు లాగింది చాలదని నాకు తెలీదా!"

ఇంతలో ఫోన్‌లో నర్సమ్మ గొంతు వినిపించింది. "మిస్టర్ ప్రూయిట్! ఈ వేళప్పుడు దుప్పటి కింద ఎవరితో గుసగుసలు?"

"పందులమ్మా. పందులు వచ్చాయి."

"నిద్రమాత్ర వేసుకున్నారా అసలు?"

"ఒక్క నిమిషం తల్లీ, నీ పుణ్యముంటుంది. ఎవరూ కదలకండి!"

ఇక్కడ రాయిస్, వెల్డా, అక్కడ నర్సమ్మ, ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. రాయిస్ మోచెయ్యి మోకాలికి ఆనించాడు. స్కోపులో తెల్లటి ఆకారం ఊగింది, ఊగింది, నిలబడింది. కాల్చాడు.

ఆడపంది ఉన్నచోటే ఒరిగిపోయింది. ముందు నడిచేది పోయేసరికి మంద మొత్తం తోకలు లేపుకుని వాగు దాటి పరుగో పరుగు. మళ్ళీ ఆ చేను మొహం చూడలేదు. వారం తిరక్కుండా సాళ్ళ నిండా పచ్చగా మొలక లేచింది. కౌలు మాట మళ్ళీ రాలేదు.

కానీ అదంతా తర్వాత సంగతి. ఆ క్షణంలో జేబులోంచి "పడిందా? పడిందిరా?" అన్న అరుపు వినిపిస్తోంది.

"పడింది," అన్నాడు రాయిస్.

అవతల చప్పట్లు వినిపించాయి. ఆ తర్వాత ఏదో మాటామంతీ. మళ్ళీ ఎల్డన్ లైన్లోకి వచ్చాడు.

"ఒరేయ్, నా పక్క మంచం పెద్దాయన మొదట్నుంచీ అంతా విన్నాడట. ఆయనకి వాగు అవతల జొన్నచేను ఉందట. పందులు బతకనివ్వడం లేదు, మీరెప్పుడొస్తారు అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?"

రాయిస్ వెల్డా వైపు చూశాడు. జుట్టంతా రేగిపోయి, ఒళ్ళంతా ఇసుకతో, ఆమె ఇంకా వెనక కాలు వదల్లేదు.

"ముగ్గురం వస్తామని చెప్పు," అన్నాడు.

ఆ మాటకి వెల్డా ఎంత గట్టిగా నవ్విందంటే, అవతల నర్సమ్మ మళ్ళీ పరిగెత్తుకొచ్చింది.