వెనక్కి తోలిన మలుపు

ఈ ఉదయం నల్లమల ఘాటు దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన ముక్కుకు తగిలింది. నాకు నవ్వొచ్చింది. కారు నేర్చుకునే రోజుల్లోనూ ఇక్కడ ఇదే వాసన, పక్క సీట్లో మాబుసా మామ. నంద్యాలలో మా పక్కింటాయన, బతుకంతా లారీ తోలి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఘాటు అవతల ఊళ్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది గానీ, వేళకు బస్సు దొరికేది కాదు. కారు నేర్చుకోవాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. "ఆ కొండల్లో ఒక్కదానివే యాడ పోతావు? మానుకో" అని మా అత్త సణిగేది. గోడ అవతల నుంచి విన్న మాబుసా మామ, "మానుకునేదేంటికి? నేను నేర్పిస్తా" అన్నాడు.

ఊళ్లో బాగానే తోలాను. ఘాటులో మొదటిరోజే, దిగుతుంటే, ఇరుకు మలుపులో నాపబండల లారీ ఎదురైంది. లారీ డ్రైవరే వెనక్కి పోతాడని ఆగి చూస్తున్నాను. "లోడుతో ఎక్కేవాడు నిల్చిపోతే మళ్లా కదల్లేడు పాపా. దిగేవాళ్లే దావ ఇయ్యాల. ఎనక్కి తోలు" అన్నాడు మామ. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. నా వల్ల కాదు, నువ్వే తోలమని ఏడుపు గొంతుతో అన్నాను. ఆయన తలుపు తీసి దిగిపోయాడు! నాకు ఒళ్లు మండింది. అద్దంలో చూస్తే కారు వెనక, రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"లోయ దిక్కు చూడాకు. నన్ను చూడు. రా... రా... ఇంగొంచెం."

రోడ్డు వెడల్పైన చోటికి చేరేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాను. లారీ డ్రైవరు చెయ్యెత్తి సాగిపోయాడు. మామ ఎక్కి కూర్చుని, "రేపట్నుంచి నీకు నేనేంటికి?" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. మా అత్త ఇప్పుడు ఘాటు దాటి గిద్దలూరు పెళ్లిళ్లకు నా కారులోనే వస్తుంది, అదీ ముందు సీట్లో. ఒక రంజాన్‌కు సేమియా తినడానికి వెళ్లినప్పుడు అడిగాను: "ఆ పొద్దు నన్నొదిలేసి ఏంటికి దిగినావు మామా?"

"నువ్వు తోలేదానికి బయపడి దిగినా పాపా! పడితే నువ్వొక్కదానివే పడతావని" అని పడీ పడీ నవ్వాడు. నేనూ నమ్మేసి నవ్వాను.

మామ పోయి చాలాకాలమైంది. నా తరగతిలో ఏ పిల్లయినా లెక్క రాక బోర్డు దగ్గర బిక్కమొహం వేస్తే, సుద్దముక్క లాక్కోను, దగ్గరగా పోయి నిలబడతాను. అలా నిలబడ్డ ఒకరోజే నాకు తట్టింది. భయపడి దిగినవాడు కొండవారకు పోయి నిలబడతాడు గానీ, అప్పుడే నేర్చుకుంటున్న మనిషి వెనక్కి తోలే కారుకు అడ్డంగా నిలబడతాడా?