మేక కంటిరెప్ప, నా పచ్చద్దాలు

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ ఏడు అమ్మవారి పండుగకి మా వీధంతా నల్లద్దాలు ఎందుకు పెట్టుకుందో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. లేకపోతే పెద్దవాళ్ళు దాన్ని అమ్మవారి మహిమలో కలిపేస్తారు. ఆ మహిమ నాది.

అప్పట్లో లైబ్రరీలో పశువుల పరాన్నజీవుల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. సగం చదివాను. సగం చదివినవాడికుండే ధైర్యం పూర్తిగా చదివినవాడికి ఉండదు, గమనించండి. కడుపులో నట్టలు, అంటే పురుగులు, చేరితే ఒంట్లోని తెల్లకణాలు వర్క్‌షాపు సైరన్ విన్నట్టు పరుగున వస్తాయట. నట్టలే గెలిస్తే రక్తం తగ్గి, మేక కింది రెప్ప లోపల పాలిపోతుందట. అప్పుడు నాకు కళ్ళకలక. పచ్చద్దాలు పెట్టుకుని ఉన్నాను. అయినా విద్య ఆగుతుందా? పక్క క్వార్టర్ అప్పలనరసమ్మత్త మేక రెప్ప లాగి చూశాను.

“పాలిపోయిందత్తా. కడుపు నిండా నట్టలే.”

“ఏటీ? ఆదోరం అమ్మోరికి మొక్కు సెల్లించాల. రోగమున్న జీవాన్ని ఎలాగిస్తానురా?”

“కావాలంటే నీ రెప్పతో పోల్చి చూస్తాను.” చూశాను. అదీ పాలిపోయే ఉంది.

“నాకూ నట్టలేనేటి?”

“నీ తెల్లకణాలు పోరాడుతున్నాయి. దిగులుపడకు.”

కబురు పాకింది. టికెట్ కౌంటర్ ముందులా వీధంతా వరస కట్టింది. ఒక్కొక్కరి రెప్పా లాగాను. ఒక్కరికీ రక్తం లేదు.

అత్త ఏడుపు చూడలేక ఆమె అల్లుడు సింహాచలం పశువుల డాక్టరు తపన్ దాదాని తీసుకొచ్చాడు. ఆయన పెంటికలు పట్టుకెళ్ళి, మైక్రోస్కోపులో చూసి తిరిగొచ్చాడు.

“నట్టల గుడ్డు ఒక్కటీ లేదు. మేక ఠీక్ హై.”

“రెప్ప చూడండి దాదా.”

ఆయన మేక రెప్ప లాగి, నా అద్దాలు తీసేశాడు. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన; పచ్చద్దాలవాడికి లోకమంతా నట్టలే.

దాదా నా కళ్ళు చూశాడు, నా వేళ్ళు చూశాడు, వరసలోని జనాన్ని చూశాడు. “బాబూ, ఆ చేత్తోనే అందరి కళ్ళూ ముట్టుకున్నావా?”

ఆదివారం ఊరేగింపులో డప్పులవాళ్ళకి నల్లద్దాలు, ఘటాలెత్తినవాళ్ళకి నల్లద్దాలు, పూజారికీ నల్లద్దాలే. మేక ఒక్కటే మామూలుగా చూస్తోంది.

“వీధంతటికీ కళ్ళెర్రబడ్డాయంటే అమ్మోరికి ఈ జీవం ఒద్దని. ఇడిసీండి,” అన్నాడు పూజారి.

“మరి నా మొక్కో?”

“కొబ్బరికాయ కొట్టు. తీరిపోద్ది.”

అత్త కొట్టింది. చిప్పలు సమంగా పగిలాయి. ఆమె మొహం తేలికపడింది.

చేతులు కడుక్కోకుండా, పుస్తకం రెండో సగం చదవకుండా ఏ ప్రాణి రెప్పా లాగనని అమ్మవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను తన్నకుండా వదిలిన అప్పలనరసమ్మత్తకి, వీధంతటికీ కంటి చుక్కలు తెచ్చిన సింహాచలానికి, నా అద్దాలు తీసిన తపన్ దాదాకి, ఇప్పటికీ నేను ఎదురుపడితే రెండు కళ్ళూ గట్టిగా మూసుకునే ఆ మేకకి నా కృతజ్ఞతలు.